గింజ దాటని గడప

"ఆ డబ్బా ఎవరిది?"

వంటింటి గుమ్మంలో ఆగి అడిగింది కోడలు. అత్తగారు కుర్చీలో కూర్చుని ఒళ్లోని తువ్వాలు మడతలు సర్దుకుంది. ఆడపడుచు చంటి గరిటెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

కోడలు ఇంకా చెప్పులు విప్పలేదు. సంచి భుజానే ఉంది. శనివారం కాబట్టి కుట్టుకేంద్రంలో మధ్యాహ్నానికే మిషన్లు ఆపేశారు. బడి పిల్లల చొక్కాలకు పొద్దుటి నుంచి కాలర్లు కుట్టిన వేళ్లు ఇంకా పట్టేసే ఉన్నాయి. దారి పొడుగునా ఆమె ఒకటే అనుకుంటూ వచ్చింది. ఇంటికి వెళ్లేసరికి ఆడపడుచు చేస్తున్న ఆ మిఠాయి పాడైపోయి ఉంటుంది. చంటి మొహం వేలాడేసుకుని ఉంటుంది. తను ఏమీ అనదు. చేతులు కడుక్కుని భోజనానికి కూర్చుంటుంది.

మిఠాయి పాడవలేదు. బల్ల మీద పరిచిన నూనెకాగితం నిండా చాక్లెట్ గుడ్లు ఆరుతున్నాయి. ఒక్కొక్కటీ బొటనవేలి కణుపంత. నల్లగా, నున్నగా, వరసలు తప్పకుండా.

వాటి పక్కన, జల్లెడ చాటున సగం దాగి, ఒక రేకు డబ్బా. మూత లేదు. అడుగున జీడిపప్పు బద్దలు.

"నాదే," అంది అత్తగారు చివరికి. "నా అలమారలోది."

"మీ అలమారలో జీడిపప్పు ఎందుకుంది అత్తయ్యా?"

"ఎందుకుంటుంది? తినడానికి."

ఆ ఇంటి గడప జీడిపప్పు దాటి ఏళ్లయింది. జీడిపప్పే కాదు, వేరుశెనగ గింజ, బాదం పప్పు, ఏదీ దాటలేదు. పిచ్చుక కోసం. పిచ్చుక అంటే ఆమె కూతురు. అసలు పేరు బడి వరకే, ఇంట్లో పిచ్చుకే. నడక వచ్చిన కొత్తలో ఎవరో చేతిలో పెట్టిన వేరుశెనగ గింజ ఒకటి నమిలితే పెదవులు ఉబ్బిపోయి, గొంతు బిగిసి, పిల్ల ఊపిరి ఈలలా వచ్చింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన పూటే ఇంట్లో ఆ చట్టం పుట్టింది. లిఫ్టులు బాగుచేసే తండ్రి, బయట ఏ చెయ్యి ఏం ముట్టుకుందో అని, వాకిట్లో కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంటే గానీ లోపలికి వచ్చేవాడు కాదు. చుట్టాల సంచులు గుమ్మంలోనే వెతికేవారు. అత్తగారి తమ్ముడు దానికి అలిగి రాకపోకలే మానుకున్నాడు.

కొట్లో అద్దాల వెనక చాక్లెట్లు చూసి పిచ్చుక కదిలేది కాదు. దేన్ని చూసినా లోపల ఏదో ఒక గింజ. ఒకరోజు ఉడికించిన బంగాళాదుంప ఒకటి మిగిలితే, ఆమె దాన్ని మెత్తగా మెదిపి, పంచదార పొడి కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి నల్ల చాక్లెట్లో ముంచింది. లోపల ఉన్నది దుంప అంటే ఎవరూ నమ్మలేదు. పిచ్చుక ఒకటి తిని, మిగతావన్నీ ఒళ్లో పెట్టుకుని, "ఇవి నా గుడ్లు, ఎవరూ ముట్టుకోకండి" అంది. అప్పటి నుంచి వాటి పేరు పిచ్చుక గుడ్లు.

అంత కాపలా కాశారు. పిల్లను తీసుకుపోయింది గింజ కాదు. జ్వరం. అందరూ వీధి గుమ్మంలో కంటి మీద కునుకు లేకుండా కూర్చుంటే, అది పెరటి దారిన వచ్చి తన పని చూసుకుని పోయింది.

ఏడాది దాటింది. చట్టాన్ని మాత్రం ఎవరూ ఎత్తేయలేదు. ఎవరు ఎత్తేస్తారు, ఏ నోటితో?

"ఎప్పట్నుంచి తింటున్నారు?" ఆమె అడిగింది.

"చలికాలం నుంచి."

"దాచుకుని."

"దాచుకునే. మీరంతా పనుల్లోకి పోయాక, గది తలుపేసుకుని, నాలుగు బద్దలు. ఎలకలాగా." అత్తగారు తువ్వాలును ఇంకో మడత వేసింది. "తిన్నాక నోరు పుక్కిలిస్తాను. ఎందుకు పుక్కిలిస్తానో నాకే తెలీదు. ముద్దు పెట్టించుకోవడానికి ఎవరొస్తున్నారని."

గిన్నె కింద మంట ఆపేసిన స్టవ్ చల్లారుతూ టక్కుమంది.

"ఆ డబ్బా ఈ బల్ల మీదికి ఎందుకొచ్చింది?"

"అమ్మ నములుతూ కూర్చుంది వదినా," అంది చంటి. "అంతే. నాకు తోడుగా."

చంటి ఆ ఇంటి కడగొట్టు బిడ్డ. ముప్పై దాటినా పేరు చంటే. పెళ్లి చెడి పుట్టింటికి వచ్చాక బేకరీ కౌంటర్లో చేరింది. ఇంకొకరు కాల్చిన రొట్టెలు ఇంకొకరికి పొట్లం కట్టి ఇవ్వడమే పని. మొన్నొక సాయంత్రం పూలకొట్టు ఆవిడ వచ్చి, మా పాపకు గింజలు పడవు, పుట్టినరోజుకు ఒక్క మిఠాయీ దొరకడం లేదని కౌంటర్ ముందు బాధపడింది. చంటి ఆగలేకపోయింది. "మా ఇంట్లో గింజ అన్నదే లేదండీ, నేను చేసిస్తాను" అంది. బేకరీ యజమాని విన్నాడు. ఇది బాగా వస్తే ముందు వైపు అద్దాల అరలో ఒక అర నీదే, నీ చేత్తో చేసినవి పెట్టుకో అన్నాడు. ఈ రోజు ఐదింటికల్లా పెట్టె ఆ ఇంటికి చేరాలి.

ఆమె సంచి దించింది. బల్ల మీద నుంచి ఒక గుడ్డు తీసుకుని గోటితో రెండుగా విరిచింది.

దుంపా పంచదారా సరిగ్గా కలిస్తే లోపల సుద్దముక్కలా తెల్లగా, ఒకే నునుపుగా ఉంటుంది. ఇది అలా లేదు. పాలిపోయిన పసుపు. మధ్యలో పలుకులు.

"ఇది ఎలా గట్టిపడింది చంటీ?"

"పంచదార వేశాను."

"ఇంకా?"

చంటి తల్లి వైపు చూసింది.

"నేనే వెయ్యమన్నాను," అంది అత్తగారు. "దాన్ననకు. గిన్నెలో దుంప గంజిలా కారిపోతుంటే ఇది ముందు కూర్చుని ఏడుస్తోంది. చూడలేకపోయాను. ఒక పిడికెడు పొడి చేసి కలుపు, చిక్కబడుతుంది అన్నాను."

"ఆ పాపకు పడదని తెలిసే?"

"పిడికెడే కదా అనుకున్నాను. అంత పంచదారలో ఎక్కడో కలిసిపోతుంది అనుకున్నాను."

"పిచ్చుకకు ఒక్క గింజ. ఒక్కటే. ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తింది మీరే."

అత్తగారి చేతులు మడతపెట్టడం ఆపాయి.

"నేనే. అది నాకు గుర్తు రాలేదంటే నువ్వు నమ్మవు. గుర్తు రాకూడదనే కదే ఇన్నాళ్ల నుంచీ పాట్లు పడుతున్నాను. ఇవాళ ఆ ఒక్కపూట కుదిరింది."

ఆమె ఆడపడుచు వైపు తిరిగింది. "ఇవి పంపేసేదానివా?"

"లేదు. నువ్వు వచ్చాక చెబుదామనే."

"డబ్బా ఎందుకొచ్చిందంటే అమ్మ నమలడానికి అన్నావు."

"అన్నాను." చంటి గొంతు సన్నబడింది. "నోటికి అదే వచ్చింది."

"నోటికి అదే వస్తుంది. పెట్టె కట్టేటప్పుడు చేతికీ అదే వచ్చేది."

"వదినా, ఆ మాటనకు."

"మరేమనాలి? అద్దాల అర కోసం పరాయి పిల్ల ప్రాణం మీదికి తెచ్చావని పొగడాలా?"

చంటి గరిటెను గిన్నెలో పడేసింది. అది గిన్నె అంచుకు తగిలి మోగింది.

"పొద్దున నిన్ను అడిగాను," అంది. ఈసారి గొంతు సన్నగా లేదు. "నువ్వు అక్కడే, ఆ గుమ్మంలో చెప్పులేసుకుంటున్నావు. వదినా, పంచదార ఎంత వెయ్యాలి, ఎప్పుడు వెయ్యాలి అని అడిగాను. ఏమన్నావు?"

ఆమె విరిచిన గుడ్డును బల్ల మీద పెట్టింది.

"నీకు తోచినంత అన్నావు. పంచదార తగలగానే దుంప నీళ్లయిపోతుందని నీకు తెలుసు. ఎన్నిసార్లు చేశావో నీకే తెలీదు, అన్నిసార్లు చేశావు. నీళ్లయినా భయపడకు అని ఒక్క ముక్క. ఒక్క ముక్క చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"చంటీ," అంది అత్తగారు.

"నువ్వుండమ్మా. నా చేతిలో ఇవి చెడిపోవాలనే చెప్పకుండా వెళ్లింది. కాదను వదినా. కాదంటే నేను నమ్ముతాను."

కాదనడం తేలిక. ఆమె నోరు తెరిచింది కూడా. పొద్దున కుట్టుకేంద్రంలో సూది కింద గుడ్డ జరుపుతూ, ఈపాటికి దుంప కారిపోతూ ఉంటుంది అనుకున్నప్పుడు గుండెలో కదిలిన చిన్న చల్లదనం గుర్తొచ్చింది. ఏడాదిగా ఆమెకు దొరికిన సుఖం లాంటిది అదొక్కటే.

తెరిచిన నోరు మూసుకుంది.

వాకిట్లో స్కూటర్ ఆగింది. ఆ వెంటనే కుళాయి విప్పిన చప్పుడు. ఆమె భర్త ఇప్పటికీ మోచేతుల దాకా కడుక్కునే లోపలికి వస్తాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ముగ్గురు ఆడవాళ్లూ ఆ నీళ్ల చప్పుడు ఆగేదాకా విన్నారు.

ఆయన గుమ్మంలో నిలబడి బల్లనూ, డబ్బానూ, విరిగిన గుడ్డునూ చూశాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎన్నింటికి ఇవ్వాలి?"

"ఐదు," అంది చంటి.

ఆయన గోడ గడియారం వంక చూశాడు. "దుంపలున్నాయా?"

"చూడండర్రా," అంది అత్తగారు. "రోజంతా లిఫ్టుల్లో పైకీ కిందకీ తిరిగే మనిషి. ఇల్లు కూలుతున్నా సరే, ఏ అంతస్తు అనే అడుగుతాడు."

ఎవరూ నవ్వలేదు. కానీ ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"పాతవి కావాలి," అంది. "కొత్త దుంపల్లో నీళ్లెక్కువ. బుట్ట అడుగున చూడు చంటీ."

ముందు చేసినవన్నీ కాగితంతో సహా చుట్టి సంచిలో వేసి భర్త చేత వీధి చివర చెత్తకుండీకి పంపింది. బల్లను వేడినీళ్లూ సబ్బూ పెట్టి తోమింది. తోమిన గుడ్డను పారేసింది. చంటిని బట్టలు మార్చుకుని రమ్మంది. గోళ్లు చూపించమంది. చంటి చిన్నపిల్లలా రెండు చేతులూ చాపింది. ఆ పనులన్నీ ఆమె చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. ఏడాది మూలన పడేసిన కుట్టుమిషను నూనె వెయ్యకుండానే తిరిగినట్టు.

"అత్తయ్యా, మీరు డబ్బా తీసుకుని మీ గదిలోకి వెళ్లండి."

"వెలివేస్తున్నావా?"

"ఐదింటి దాకా."

ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "అమ్మాయ్, ఆ గిన్నె వద్దు. ఇందాకటి పొడి దాంట్లోనే కలిపింది," అంది. "పిచ్చుకది తియ్యి."

పై అరలో, పాత దుప్పటి చుట్టి, ఒక నీలం రంగు గిన్నె ఉంది. అది పిచ్చుక వంటకు తప్ప వాడిన గిన్నె కాదు. భర్త స్టూలెక్కి దించాడు. దుప్పటి విప్పాడు. అంచు దగ్గర రంగు లేచిపోయిన చోట వేలితో ఒకసారి రాసి, ఆమె చేతికిచ్చాడు.

దుంపలు ఉడికాయి. తొక్క తీసి, ఒక్క ఉండ కూడా లేకుండా మెదిపి, పూర్తిగా చల్లారేదాకా ఆగారు. చంటి పంచదార పొడి జల్లించింది.

"ఇప్పుడు వెయ్యి."

మొదటి గుప్పెడు పడగానే ముద్దగా ఉన్న దుంప మెరిసింది. రెండో గుప్పెడుకు జారింది. మూడో గుప్పెడుకు పలచని జావలా గరిటె మీద నుంచి కారిపోయింది. చంటి చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడే," అంది ఆమె. "అందరూ భయపడేది ఇక్కడే. దుంపలోని నీరంతా పంచదార బయటికి లాగుతుంది. ఇంకేదో కలపాలనిపిస్తుంది. కలపకూడదు. పంచదారే వేస్తూ పోవాలి."

"ఎంతని?"

"అది ఇక చాలు అనేదాకా."

చంటి వేసింది. జావ అలాగే ఉంది. ఇంకా వేసింది. ఎంత పోసినా ఎక్కడికి పోతోందో తెలియనట్టు దుంప పంచదారను మింగింది. వేస్తూ, కలుపుతూ, చాలాసేపటికి గరిటె బరువెక్కింది. తర్వాత గిన్నె అంచులు వదిలి, ముద్ద మధ్యలోకి చేరింది.

"ఇంతేనా," అంది చంటి.

"ఇంతే."

"పొద్దున ఈ ఇంతే అన్న మాట."

"అవును."

చంటి ముద్దను చేతిలోకి తీసుకుని చూస్తూ నిలబడింది. "నీ పిల్ల పోయింది వదినా. కాదన్నదెవరు? నాకూ మేనకోడలు పోయింది. అది నా పక్కలోనే పడుకునేది. నేను ఇంటికి తిరిగొచ్చిన రోజు ఊళ్లో వాళ్లంతా ఎందుకొచ్చావని అడిగారు. అదొక్కతే, ఎన్నాళ్లుంటావు అత్తా అని అడగలేదు. నా సంచి లోపల దాచేసింది, మళ్లీ పోతానేమోనని."

ఆమె ముద్దలోంచి చిన్న ఉండ తీసి అరచేతుల మధ్య దొర్లించింది. ఒక కొస సన్నగా, ఒక కొస లావుగా. చెయ్యి మరిచిపోలేదు.

"నీ మీద కోపం కాదు," అంది, ఉండ మీద నుంచి కళ్లెత్తకుండా. "ఇంకో పిల్ల ఇవి తింటుందంటే నా కడుపు మండింది. గింజలు పడని పిల్లే. దానికీ తల్లి ఉంది, కొట్లన్నీ తిరిగి ఉంటుంది. అన్నీ తెలుసు. అయినా మండింది. దానికి మిఠాయి దొరక్కపోతే బావుండనిపించింది. అది నిజం."

చంటి పక్కకు వచ్చి నిలబడి, తనూ ఒక ఉండ తీసుకుంది. మొదటిది వంకరగా వచ్చింది.

"ఇది పిచ్చుక గుడ్డు కాదు," అంది ఆమె. "కాకి గుడ్డు."

చంటి ముక్కులోంచి నవ్వు లాంటిదేదో వచ్చి, మధ్యలోనే ఆగిపోయింది.

గడియారం నాలుగు దాటింది. ఆమె ఉండలు చేసి కాగితం మీద ఆరబెడుతుంటే, చంటి వెనక స్టవ్ దగ్గర వేడినీళ్ల మీద గిన్నె పెట్టి చాక్లెట్ కరిగించింది.

"చాక్లెట్ ఉందా ఇంకా?" ఆమె వెనక్కి తిరగకుండానే అడిగింది.

"సరిపోతుంది. నేను చూసుకుంటాలే. ఆవిరి చుక్క పడకూడదు, అంతేగా?"

"పడిందంటే బిగుసుకుపోతుంది."

"తెలుసు. అదొక్కటీ బేకరీలో నేర్చుకున్నాను."

ఒక్కొక్క గుడ్డునూ ఫోర్కు మీద ఎత్తి ముంచి తీశారు. కారే చాక్లెట్‌ను గిన్నె అంచుకు తట్టి రాల్చారు. ఫ్యాను కింద పెట్టారు. పై పొర మెరుపు పోయి గట్టిపడుతుండగా, ఆమె ఒకటి విరిచి చూసింది. తెల్లగా, సుద్దముక్కలా, ఒకే నునుపు. చంటి తన చేతిలోని సగం నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

పెట్టెలో సర్ది, పైన చిన్న కాగితం ముక్క పెట్టి, చంటి కలం అందుకుంది.

"పేరు రాయనా వదినా? అద్దాల అరలో పెట్టాలంటే ఏదో ఒక పేరుండాలి."

"రాయి. చాక్లెట్ గుడ్లు అని రాయి."

"పిచ్చుక గుడ్లు అంటే..."

"అది వద్దు. చెయ్యడం నేర్పాను కదా. పేరు నాకుంచు."

చంటి అలాగే రాసింది. భర్త ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆమె పెట్టెకు దారం కట్టి, ముడి మీద ముడి వేసి, ఆయన చేతుల్లో పెట్టింది. పెట్టేటప్పుడు ఒక్క క్షణం వదల్లేదు. ఆయన లాక్కోలేదు. ఆమె వదిలేదాకా ఆగాడు.

స్కూటర్ చప్పుడు మలుపు తిరిగింది.

చంటి బల్ల తుడుస్తోంది. గదిలోంచి అత్తగారు, "వెలి అయిపోయిందా?" అని కేకేసింది. "వచ్చెయ్యమ్మా," అంది చంటి. ఆవిడ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. డబ్బా తేలేదు.

ఆమె చాక్లెట్ గిన్నె ముందు నిలబడి ఉంది.

ఆ ఇంట్లో చాక్లెట్ గిన్నె అడుగు పిచ్చుకది. గరిటె తల్లికి, గిన్నె పిల్లకు. పిచ్చుక దాన్ని ఒళ్లో పెట్టుకుని చూపుడువేలితో చుట్టూ గీసి, వేలు నోట్లో పెట్టుకుని, మళ్లీ గీసేది. గిన్నె కడగనక్కర్లేకుండా ఇచ్చేది. మూతి మీసాలతో బడికి పోయిన రోజులున్నాయి.

ఏడాదిలో ఆమె ఒక్కసారి కూడా చాక్లెట్ రుచి చూడలేదు. ఎందుకో ఇప్పుడు వేలు పెట్టి గిన్నె చుట్టూ గీసింది. నోట్లో పెట్టుకుంది. చేదూ తీపీ కలిసి నాలుక మీద కరిగాయి. కళ్లు మూసుకుంది. మళ్లీ గీసింది.

రెండోసారి పంటి కింద ఏదో తగిలింది.

చిన్నది. మెత్తగా నలిగింది. నూనె రుచి.

ఆమె దాన్ని వేలికొస మీదికి తీసి, కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. పాలిపోయిన పసుపు.

"చంటీ."

"ఊ."

"ఈ చాక్లెట్ ఎక్కడిది?"

"అదే. మన పలక చాక్లెట్."

"పలక కొత్తది విప్పావా?"

"సగమే ఉంది. చాల్లేదు." చంటి బల్ల తుడుస్తూనే చెప్పింది. "పొద్దున ముంచగా గిన్నెలో మిగిలింది గట్టిపడి ఉంది కదా, దాన్ని గీకి ఇందులోనే వేశాను. పారేసింది లోపలి ముద్దనే కదా వదినా. చాక్లెట్లో ఏముంటుంది, చాక్లెట్..."

ఆమె వేలు ఇంకా వెలుతురులోనే ఉంది.

చంటి ఆ వేలి వంక చూసింది. తుడిచే గుడ్డ చేతిలోంచి జారింది. ఆ మెత్తని ముద్దల్ని పొద్దున తనే ఒక్కొక్కటిగా ఆ చాక్లెట్లో ముంచి తీసింది. కొన్ని అందులోనే విరిగిపోయాయి కూడా.

"నేను అడిగాను," అంది ఆమె. ఎవరితోనో కాదు, తనతోనే. "ఉందా అని అడిగాను. ఎక్కడిది అని అడగలేదు."

ఏళ్ల తరబడి ఆ వంటింట్లో ప్రతి మూతా, ప్రతి చెంచా ఎక్కడిదని అడిగిన మనిషి. ఇవాళ తిరిగి చూడలేదు.

"ఫోను చెయ్యండే," అంది అత్తగారు లేవబోయి, లేవలేక. "నిలబడి చూస్తారేం. పూలావిడకి ఫోను చెయ్యండి."

"నంబరు బేకరీలో ఉంది." చంటి ఫోను కోసం పరిగెత్తింది. బేకరీ నంబరు నొక్కింది. మోగుతోంది. శనివారం సాయంత్రం, కౌంటర్లో ఈ వేళకు ఉండాల్సింది తనే. ఎవరూ ఎత్తడం లేదు.

ఆమె గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు వెతుక్కుంటుండగా వాకిట్లో స్కూటర్ ఆగింది. పూలకొట్టు వాళ్ల ఇల్లు అంత దగ్గర.

కుళాయి విప్పిన చప్పుడు. ఆయన తీరిగ్గా చేతులు కడుక్కుంటున్నాడు. ఏదో కూనిరాగం తీస్తున్నాడు కూడా. ఆ ఇంట్లో ఆ రాగం వినబడి ఏడాది దాటింది.

ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఎవరి చేతికిచ్చారు?"

"ఆ పాపే తలుపు తీసింది." ఆయన తల ఎత్తాడు. మొహం నిండా నవ్వు. చేతుల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. "మన పిచ్చుకంతే ఉంది. ముందు పళ్లు రెండు లేవు. అమ్మ లోపల ఉంది, చుట్టాలొచ్చారు అంది. ఇందులో గింజలు లేవు కదా అంకుల్ అని అడిగింది. మా ఇంట్లో గింజ గడప దాటదమ్మా అని చెప్పాను."

"చెప్పి?"

"చెప్పి ఏముంది. నువ్వన్ని ముళ్లు వేసి కట్టిన దారం పక్కపళ్లతో లాగేసింది."

వెనక గుమ్మంలో చంటి చెవి దగ్గర ఫోను ఇంకా మోగుతూనే ఉంది.

"తిందా?"

ఆయన నవ్వు ఇంకా అలాగే ఉంది. తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఒకటి నాకూ పెట్టింది," అన్నాడు.